డ్రాకులాని పట్టించిన కార్బన్ కాపీ

"కాల్చీసేడా? మరి కార్బన్ కాపీ లేదేటి?"

డ్రాకులా కథ ముప్పావు వంతు చెప్పాక మా చిన్నత్త అడిగిన మాట ఇది. విజయనగరంలో వాళ్ళ డాబా మీద, కరెంటు పోయిన ఒక మే నెల రాత్రి. అప్పటిదాకా చాప మీద పడుకుని, విసనకర్ర ఊపుకుంటూ "ఊఁ" కొడుతున్న మనిషి ఒక్కసారిగా లేచి కూర్చుంది. కోటలో ముగ్గురు ఆడపిశాచాలు వచ్చినప్పుడు లేవలేదు. డ్రాకులా కాటుకి చచ్చిపోయిన లూసీ సమాధిలోంచి వచ్చి చిన్నపిల్లల్ని ఎత్తుకుపోతోందన్నప్పుడు లేవలేదు. డ్రాకులా ఒక రాత్రి డాక్టరు గదిలోకి దూరి, అందరూ కష్టపడి పోగుచేసుకున్న కాగితాల కట్టని తగలబెట్టేశాడు అన్నప్పుడు లేచింది.

ఉంది, కాపీ ఉంది. నవలలో డాక్టర్ సీవార్డు నోట వచ్చే మాట కూడా సరిగ్గా అదే: దేవుడి దయవల్ల ఇనప్పెట్టెలో ఇంకో కాపీ ఉంది. ఆ సంగతి చెప్పగానే అత్త "అమ్మయ్య" అనుకుని మళ్ళీ వాలింది.

బ్రామ్ స్టోకర్ రాసిన ఆ నవల నేను రెండుసార్లు చదివాను. దాని మీద వచ్చిన సినిమాల్లో నాలుగు చూశాను. ఆ పేజీ దగ్గర గుండె గుబేలుమనాలని నాకెప్పుడూ తోచలేదు. దెయ్యాల కథలంటేనే గిట్టని అత్తకి తోచింది. ఈ నవల దేని గురించో నాకు ఆ రాత్రి అర్థమైంది. దాంతోపాటే, నాకెంతో ఇష్టమైన సినిమా మీద ఒక కోపం కూడా మొదలైంది. ఆ కోపం న్యాయమైనదేనా కాదా అని చాలా రోజులు నాలో నేనే వాదించుకున్నాను. న్యాయమైనదే అనిపించింది కాబట్టి రాస్తున్నాను.

ముందు అత్త సంగతి. ఎస్సెల్సీ అయ్యాక మూడు లాంతర్ల దగ్గర ఒక మేడ మీది ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్చుకుంది. లోయరు, హయ్యరు, తర్వాత షార్ట్‌హ్యాండ్. 1979లో విజయనగరం జిల్లా అయింది. కొత్త జిల్లా అంటే కొత్త ఆఫీసులు, కొత్త అర్జీలు. ఆ రోజుల్లో మంచి టైపిస్టు చేతులు ఊరుకునేవి కావని చెబుతుంది. ఉద్యోగం రాలేదు గానీ కోర్టు దగ్గర ఒక ప్లీడరుగారి వసారాలో బల్ల వేసుకుని ముప్ఫై ఏళ్ళు టైపు కొట్టింది. అఫిడవిట్లు, నోటీసులు, వకాల్తాలు, పింఛను అర్జీలు. ఒక తెల్ల కాగితం, కార్బను, పల్చటి కాగితం, మళ్ళీ కార్బను, మళ్ళీ పల్చటి కాగితం: అన్నీ అంచులు కలిసేలా బల్ల మీద రెండుసార్లు తట్టి రోలరులోకి ఎక్కించే ఆ చప్పుడు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కుడిచేతి వేళ్ళకి ఆ నీలం మరక ఎప్పుడూ ఉండేది. అన్నం కలిపేటప్పుడు కూడా.

నేను సినిమా ముందు చూశాను, నవల తర్వాత చదివాను. అందరిలాగే.

శ్రీకాకుళంలో డిగ్రీ చదివే రోజులు. నాగావళి ఒడ్డున ఒక గదిలో నలుగురం ఉండేవాళ్ళం. సీడీ ప్లేయరు ఒక రాత్రికి అద్దెకి తెచ్చుకుంటే నాలుగు సినిమాలైనా చూస్తే గానీ గిట్టుబాటు కాదు. మూడోది కొపోలా తీసిన 1992 నాటి డ్రాకులా. ఇంగ్లీషు మాటలు సగం అందలేదు. అయినా ఎవరికీ నిద్ర రాలేదు. 1462లో ఒక రాజు యుద్ధానికి వెళ్తాడు. రాజు చచ్చిపోయాడని శత్రువులు బాణానికి కట్టి దొంగ కబురు పంపిస్తారు. రాణి నదిలో దూకి చచ్చిపోతుంది. గెలిచి వచ్చిన రాజు దేవుణ్ణి తిట్టి, శిలువని పొడిచి, చావులేని పిశాచమైపోతాడు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత లండన్‌లో మినా అనే అమ్మాయి అచ్చం ఆ రాణిలా కనిపిస్తుంది. ఆమె కోసం సముద్రాలు దాటి వస్తాడు.

మా టెక్కలి స్నేహితుడు అక్కడే తేల్చేశాడు: "ఒరే, ఇది మన సినిమాయేరా!" నిజమే కదా. మూగమనసులు చూసిన జాతికి పూర్వజన్మ ప్రేమ అర్థం కావడానికి సబ్‌టైటిల్స్ ఎందుకు? తర్వాత 2009లో మగధీర వచ్చినప్పుడు వాడే ఫోన్ చేసి మళ్ళీ అదే మాట అన్నాడు, ఈసారి తిరగేసి.

ఆ సినిమా నాకు ఇప్పటికీ నచ్చుతుంది. గ్యారీ ఓల్డ్‌మన్ ముసలి రాజుగా వచ్చినప్పుడు, అతని నీడ అతనితో సంబంధం లేకుండా గోడ మీద వేరే పని చేసుకుంటూ ఉంటుంది. కంప్యూటర్ గ్రాఫిక్స్ అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, పాతకాలపు ట్రిక్కులతో, కెమెరా ముందే చేసుకోవాలని దర్శకుడు పట్టుబట్టి తీసిన పని అది. ఐకో ఇషియోకా కుట్టించిన బట్టలకి ఆస్కార్ వచ్చింది, రావాల్సిందే. కాబట్టి సినిమా చెత్త, పుస్తకం గొప్ప అని అరిగిపోయిన పాట పాడ్డానికి కూర్చోలేదు. నా తగాదా పేరు దగ్గర మొదలవుతుంది. ఆ సినిమా పూర్తి పేరు 'బ్రామ్ స్టోకర్స్ డ్రాకులా'. అంటే ఇది స్టోకర్ రాసిన డ్రాకులా, మిగతావాళ్ళు తీసినవి కల్తీవి అని బోర్డు కట్టుకున్నట్టే. బోర్డు కట్టినవాణ్ణి తూకం అడగడం తప్పు కాదు.

ఉద్యోగం వచ్చాక, వారం వారం పలాస పాసింజరులో తిరిగే రోజుల్లో నవల చదివాను. పూర్వజన్మ కోసం వెతుక్కుంటూ చదివాను. యాభై పేజీలు, వంద పేజీలు. రాణి లేదు. నది లేదు. దొంగ కబురు లేదు. మినా మీద డ్రాకులాకి ప్రేమ అన్న మాటే లేదు. ఆమె మెడ కొరకడం ప్రేమ కాదు, తనని వేటాడుతున్న మగవాళ్ళ మీద కసి. ఆ సంగతి అతనే ఆమె మొహం మీద చెబుతాడు. చనిపోయిన ప్రియురాలి పోలికల గొడవ సినిమావాళ్ళు పెట్టుకున్నది. అది కూడా కొపోలాతో మొదలు కాలేదు. 1974లో డాన్ కర్టిస్ తీసిన టీవీ సినిమాలోనే, జాక్ పాలన్స్ వేసిన డ్రాకులాకి లూసీలో పాత భార్య కనిపిస్తుంది.

మరి నవలలో ఉన్నదేమిటి? కాగితాలు.

1897లో వచ్చిన ఆ పుస్తకంలో కథ చెప్పే రచయిత అంటూ ఎవరూ ఉండరు. జోనథన్ హార్కర్ డైరీ, మినా డైరీ, ఆమె స్నేహితురాలు లూసీ ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపరు కటింగులు, ఒక ఓడ లాగ్‌బుక్కు, డాక్టర్ సీవార్డు ఫోనోగ్రాఫులో మాట్లాడి పెట్టుకున్న మైనపు సిలిండర్లు. ఒకదాని తర్వాత ఒకటి తేదీల ప్రకారం పేర్చి ఉంటాయి. ఎవరో ఫైలు కట్టి మన చేతిలో పెట్టినట్టు. ఆ ఫైలు కట్టింది మినా.

అసలు డ్రాకులా ఇంగ్లండుకి వచ్చింది గబ్బిలమై ఎగిరి కాదు, రిజిస్ట్రేషన్ చేయించుకుని. హార్కర్ ప్లీడరు ఆఫీసు మనిషి. ట్రాన్సిల్వేనియా కొండల్లోకి వెళ్ళింది పర్ఫ్లీట్‌లో ఒక పాత ఇంటి దస్తావేజుల మీద సంతకాల కోసం. కోటలో భోజనాలయ్యాక దొరవారు కూర్చుని అడిగే ప్రశ్నలు వినండి: ఇంగ్లండులో ఒక మనిషి ఇద్దరు ప్లీడర్లని పెట్టుకోవచ్చా? సరుకు ఒక రేవుకి పంపితే అక్కడ వేరే ఏజెంటుని పెట్టుకోవచ్చా? అంటే తన వ్యవహారం మొత్తం ఏ ఒక్కడికీ తెలియకూడదు. ఇది చెప్పినప్పుడు అత్త నవ్వింది. "ఇలాటోళ్ళు మా వసారాకి నెలకి ఇద్దరు వచ్చేవారు" అంది.

ఇంకొకటి ఉంది. ఒక రోజు డ్రాకులా హార్కర్ చేత మూడు ఉత్తరాలు ముందుగానే రాయించుకుంటాడు. పని అయిపోయింది, బయల్దేరుతున్నాను, కోట వదిలి బిస్ట్రిట్జ్ చేరాను అని. తేదీలు కూడా తనే చెబుతాడు: జూన్ 12, జూన్ 19, జూన్ 29. తన ఆయుష్షు ఎంతో ఇప్పుడు తెలిసిందని హార్కర్ డైరీలో రాసుకుంటాడు. కోరల కంటే, తోడేళ్ళ కంటే నాకు వెన్ను జలదరించిన చోటు ఇది. తేదీ తప్పు వేసిన కాగితం ఏం చేయగలదో మన ఊళ్ళలో భూమి పోగొట్టుకున్న ఏ రైతుని అడిగినా చెబుతాడు.

హార్కర్ దొంగచాటుగా ఇంకో ఉత్తరం రాస్తాడు, మినాకి, షార్ట్‌హ్యాండ్‌లో. అది డ్రాకులా చేతికే చిక్కుతుంది. ఇంగ్లీషు పుస్తకాలు, లండన్ డైరెక్టరీ, రైల్వే గైడు తెప్పించుకుని కూర్చుని చదివినవాడు, ఇంగ్లండులో తనని పరాయివాడని ఎవరూ గుర్తు పట్టకూడదని యాస కూడా దిద్దుకుంటున్నవాడు, ఆ గీతలూ చుక్కలూ చూసి తెల్లబోతాడు. చదవలేడు. సంతకం లేదు కాబట్టి లెక్కలోకి రాదని చెప్పి దీపం మంటలో కాల్చేస్తాడు. వందల ఏళ్ళు బతికిన ప్రభువుకి, టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మధ్యతరగతి పిల్లలు నేర్చుకునే విద్య రాదు! ఐజాక్ పిట్మన్ తన షార్ట్‌హ్యాండ్ పద్ధతిని 1837లో అచ్చు వేశాడు. చిన్నత్త దగ్గర ఇప్పటికీ ఆ పుస్తకం ఉంది, అట్ట లేదు.

ఇదంతా స్టోకర్‌కి ఎలా తెలుసంటే, ఆయన కూడా గుమాస్తాయే. డబ్లిన్‌లో సర్కారు కొలువు. ఆయన 1879లో అచ్చు వేయించిన పుస్తకం ఐర్లండులో చిన్న కోర్టుల గుమాస్తాల విధులు ఏమిటో చెప్పే మాన్యువల్. ఫైళ్ళు, రిజిస్టర్లు ఎలా రాయాలో చెప్పిన చేత్తోనే తర్వాత డ్రాకులా రాశాడు. మేధావులు ఈ నవలలో కామం చూశారు, సామ్రాజ్యం చూశారు, క్షయరోగం చూశారు. ఉన్నాయేమో, కాదనను. గుమాస్తాని మాత్రం తక్కువమంది చూశారు.

ఇక మినా. నవలలో ఆమె బడిలో అసిస్టెంటు టీచరు. పెళ్ళయ్యాక జోనథన్‌కి పనికొస్తుందని షార్ట్‌హ్యాండు, టైపు సాధన చేస్తూ ఉంటుంది. మనిళ్ళలో ఆడపిల్లలకి "ఏదో ఒకటి నేర్చుకో, ఎందుకైనా మంచిది" అని నేర్పించినట్టే మొదలవుతుంది ఆమె చదువు కూడా. ఆ "ఎందుకైనా మంచిది" చివరికి అందరి ప్రాణాలకీ అక్కరకొస్తుంది. భర్త షార్ట్‌హ్యాండు డైరీని టైపు చేస్తుంది. తన డైరీని టైపు చేస్తుంది. కార్బను పెట్టి మూడేసి కాపీలు తీస్తుంది. డాక్టర్ సీవార్డు ఇంటికి వెళ్ళి, అతని మైనపు సిలిండర్లన్నీ చెవికి గొట్టం పెట్టుకుని విని, అవి కూడా కాగితం మీదికి దించుతుంది. అప్పటిదాకా హార్కర్‌కి తెలిసింది సీవార్డుకి తెలియదు, సీవార్డు చూసింది హార్కర్‌కి తెలియదు. పక్కింట్లోనే డ్రాకులా కాపురం ఉంటున్నా డాక్టరుకి అనుమానం రాలేదు. అన్నీ తేదీల వరసన ఒకచోట పెట్టేసరికి కథ బయటపడింది.

ఆ సిలిండర్ల దగ్గర ఒక చిన్న సంభాషణ ఉంది. సీవార్డు లూసీని ప్రేమించి, ఆమె కాదన్నాక ఆ బాధంతా ఆ యంత్రంలో చెప్పుకుని ఉంటాడు. మినా అవన్నీ విని వచ్చి అతనితో చెబుతుంది: ఆ యంత్రం మరీ క్రూరంగా నిజం చెబుతోంది, మీ గుండె పడ్డ బాధ గొంతుతో సహా వినపడింది, ఇంకెవరూ అలా వినకూడదు, అందుకే మాటలు మాత్రం టైపు చేశాను.

ఈ ముక్క నేను అత్తకి తెలుగు చేసి చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ వసారాలో ఎంతమంది ఏడుపులు ఆమె వేళ్ళ మీదుగా కాగితం మీదికి దిగాయో. మొగుడు వదిలేసిన మనిషి మనోవర్తి కోసం చెప్పుకునే మాటలు, తమ్ముడు భూమి కాజేసిన అన్న చెప్పుకునే మాటలు. చెప్పేవాళ్ళు ఏడుస్తూ చెబుతారు. కాగితంలో "పై విషయములు నాకు తెలిసినంతవరకు నిజమని ప్రమాణపూర్వకముగా తెలియజేయుచున్నాను" అని మాత్రమే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళలో ఒక్కరి సంగతి కూడా ఆమె ఇంట్లో చెప్పలేదు. మా నాన్న ఎన్నిసార్లు కదిపినా "అది కాగితంలో ఉంది" అనేది, అంతే.

"ఆ గుంట బాగా చేసింది" అంది చివరికి. మినాని.

సరే, తర్వాత ఏం జరుగుతుందంటే, ఇంత పనీ ఆమె చేత చేయించుకున్నాక మగవాళ్ళందరూ కూర్చుని ఒక తీర్మానం చేస్తారు. ఇది ఆడవాళ్ళు తట్టుకునే విషయం కాదు, ఇకమీదట మినాకి ఏమీ చెప్పొద్దు. ఆమెని పడుకోమని పంపించి వీళ్ళు లాంతర్లు పట్టుకుని పక్కింట్లోకి పోతారు. వీళ్ళు అటు పోయినప్పుడే డ్రాకులా ఇటు వస్తాడు. ఆమె రోజురోజుకీ పాలిపోతున్నా, లూసీ చావు కళ్ళారా చూసిన డాక్టర్లే గుర్తుపట్టరు. రక్షణ అన్న పేరుతో ఫైలు దాచేస్తే ఏమవుతుందో స్టోకర్ ఎవరి చేతా ఉపన్యాసం ఇప్పించకుండా చూపించాడు. తర్వాతే ఆ కాగితాల దహనం, ఇనప్పెట్టెలో కాపీ.

అక్కడ నుంచి గెలుపంతా కాగితాల మీదే. డ్రాకులా తెచ్చుకున్న మట్టిపెట్టెలు యాభై. అవి ఏ బండిలో ఏ ఇంటికి వెళ్ళాయో హార్కర్ రవాణా కంపెనీల ఖాతాలు తిరగేసి, బండివాళ్ళ దాహం తీర్చి కూపీ లాగుతాడు. మినాకి రైల్వే టైంటేబుళ్ళు కంఠతా వచ్చు, ఆ పిచ్చి తనకుందని తనే చెప్పుకుంటుంది. చివర్లో డ్రాకులా ఓడ ఎక్కి పారిపోతే, అతను రోడ్డు మీద వెళ్తాడా, రైల్లోనా, నీళ్ళ మీదా అని ఒక్కొక్కటీ తర్కించి, ఏ నది మీదుగా వెళ్తాడో మెమోరాండం రాసి ఇచ్చేది మినాయే. తర్వాత కత్తులు దిగుతాయి. హార్కర్ కుక్రీ కంఠానికి, అమెరికావాడు క్విన్సీ మోరిస్ కత్తి గుండెలోకి. రెండు వాక్యాల పని. మోరిస్ కూడా ఆ దెబ్బలాటలోనే పోతాడు.

ఇప్పుడు సినిమా దగ్గరికి వస్తాను. కొపోలాకి ఇది కాగితాల కథ అని తెలియదని అనలేను. మొదట్లోనే ఒక షాట్ ఉంటుంది: తెరంతా హార్కర్ డైరీ పేజీ, దాని పై అంచు మీదుగా ఒక చిన్న రైలు పొగ కక్కుతూ పోతుంది. డ్రాకులా సినిమాలన్నిటిలోనూ ఆ నవలని అంత చక్కగా అర్థం చేసుకున్న షాట్ ఇంకోటి లేదు. డైరీలు వాయిస్ ఓవర్‌లో వినిపిస్తాయి, సీవార్డు ఫోనోగ్రాఫు కనిపిస్తుంది, మినా కూడా మొదట టైపు మిషను ముందే కనిపిస్తుంది. అంతా తెలుసు. తెలిసి కూడా పక్కన పెట్టేశాడు. యువరాజు వేషంలో డ్రాకులా లండన్ వీధిలో ఎదురయ్యాక ఆ అమ్మాయి ఇక టైపిస్టు కాదు, రాణి ఎలిజబెతా. సినిమా కథ మొత్తాన్ని కదిలించే కాగితం ఒకటే ఒకటి, అదీ బాణానికి కట్టిన ఆ దొంగ కబురు.

టెక్కలివాడితో దీని మీద ఒకసారి పెద్ద గొడవే అయింది. వాడి వాదన: నవలలో మినా మరీ పతివ్రత, సినిమాయే ఆమెకి ఒక కోరిక ఇచ్చింది, తన ఇష్టం తను ఎంచుకుంది. వినడానికి బాగుంది. నేను అడిగింది ఒకటే. ఎంచుకున్నది ఎవరు? మినాయా, ఎలిజబెతాయా? నాలుగు వందల ఏళ్ళ కిందట చచ్చిపోయిన ఆవిడ జ్ఞాపకాలు లోపలి నుంచి తోస్తుంటే నడిచిన మనిషిది సొంత కోరిక ఎలా అవుతుంది? బడిలో పాఠాలు చెప్పుకుని, సొంతంగా విద్య నేర్చుకుని పైకొచ్చిన ఒక మామూలు పిల్ల గొప్పదనం ఏమిటి అంటే, పోయిన జన్మలో రాణిగారు కావడం అట! మన సినిమాల్లో కూలివాడు చివరికి జమీందారు కొడుకని తేలినట్టు.

వాడు ఊరుకోలేదు. ఇంకో పాయింటు తీశాడు, అది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది. "నవలలో డ్రాకులా డైరీ ఉందా? ఉత్తరం ఉందా? అన్నీ వాడి శత్రువులు రాసుకున్నవే. మీ అత్త కోర్టులో ఐతే అవతలి పార్టీకి నోటీసు ఇవ్వకుండా కేసు నడుస్తాదా? సినిమా వాడికి వాదించుకోడానికి టైమిచ్చింది."

దీనికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మన ఏజెన్సీ ఊళ్ళలో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టిందని ముసలివాళ్ళ మీద నింద వేసినప్పుడు జరిగేది అదే కదా: అందరూ చెప్పేవాళ్ళే, ఆ మనిషి మాట వినేవాడు ఉండడు. అయితే ఆ ముసలమ్మకి కోట ఉండదు. తేడా అక్కడుంది. డ్రాకులా నింద మోస్తున్న దిక్కులేనివాడు కాదు, ఇక్కడ నేను ప్రభువుని, జనం నన్నెరుగుదురు, నేను యజమానిని అని తన నోటితో చెప్పుకునే జమీందారు. కోట ముంగిట్లోకి ఒక పల్లెటూరి తల్లి జుట్టు విరబోసుకుని వచ్చి, నా బిడ్డని నాకియ్యరా రాక్షసుడా అని తలుపులు బాదుతుంది. పైనుంచి ఆయన తోడేళ్ళని పిలుస్తాడు. ఆ తల్లికి డైరీ లేదు, పేరు కూడా లేదు. హార్కర్ కిటికీలోంచి చూసి రాశాడు కాబట్టి ఆ నాలుగు వాక్యాలైనా మిగిలాయి. అవతలి పార్టీ మాట వినాలంటే ముందు ఆవిడ మాట వినాలి. ప్రభువుగారి ప్రేమకథకి రెండు గంటలు ఇచ్చిన తర్వాత ఆవిడకి ఏం మిగులుతుంది?

మనకి షావుకారు రక్తం పీలుస్తాడు అంటే అది కథ కాదు, మామూలు వాడుక మాట. పెట్టుబడి రక్తపిశాచిలాంటిదని, బతికున్నవాళ్ళ శ్రమని పీల్చి బతుకుతుందని మార్క్స్ 1867లో రాస్తే, సరిగ్గా వందేళ్ళకి, 1967లో, మన శ్రీకాకుళం ఏజెన్సీలోని లేవిడి దగ్గర గిరిజనుల మీద భూస్వాముల మనుషుల తుపాకులు పేలాయి. ఈ జిల్లాల్లో పుట్టి పెరిగినవాడికి కొండ మీద కోటలో ఒంటరిగా బాధపడే దొర మీద జాలి కలగాలంటే కొంచెం కష్టం. నాకు ఆ రాత్రి కలిగింది, ఒప్పుకుంటాను. సంగీతం అలాంటిది.

భయం సంగతి కూడా చెప్పాలి. నవలలో కోట వదిలాక డ్రాకులా దాదాపు కనపడడు. కిటికీ మీద రెక్కల చప్పుడు, పొగమంచు, ఎర్రటి కళ్ళు రెండు. ఎందుకు ఇలా అయ్యాడో ఎవరూ సరిగ్గా చెప్పరు. కొరివిదెయ్యం కథ చెప్పే అమ్మమ్మ ఆ దెయ్యం చిన్నప్పుడు పడ్డ కష్టాలు ఎప్పుడైనా చెప్పిందా? కారణం తెలిసిన క్షణం భయం పోయి సానుభూతి వస్తుంది. సినిమా కారణంతోనే మొదలవుతుంది, ఇక భయపడటానికి ఏముంది. అన్నట్టు, ఎండ తగిలితే డ్రాకులా కాలిపోతాడని అందరం నమ్ముతాం గానీ నవలలో అతను పట్టపగలే పికడిలీలో తిరుగుతాడు, బలం తగ్గుతుంది, అంతే. ఎండకి చావడం 1922లో జర్మనీలో అనుమతి లేకుండా తీసిన నోస్ఫెరాటుతో వచ్చిన అలవాటు. స్టోకర్ భార్య దావా వేసి, ఆ సినిమా కాపీలన్నీ నాశనం చేయాలని 1925లో కోర్టు చేత చెప్పించింది. అవి పూర్తిగా పోలేదు. ఎక్కడో కాపీలు మిగిలిపోయాయి. మళ్ళీ కాపీలే! ఈ విషయంలో మాత్రం కొపోలా నవల మాటే నిలబెట్టాడు, అతని డ్రాకులా పగలు తిరుగుతాడు.

నవలని నెత్తిన పెట్టుకోమని అనడం లేదు. డ్రాకులా వేటకి పెద్ద దిక్కైన ప్రొఫెసరు వాన్ హెల్సింగ్ ఉపన్యాసాలు మొదలుపెడితే రైలు బొబ్బిలి నుంచి విజయనగరం వచ్చేస్తుంది గానీ ఆయన ఆపడు. లూసీకి నలుగురు మగవాళ్ళ రక్తం వరసపెట్టి ఎక్కించేస్తారు, గ్రూపు చూసేది లేదు. లాండ్‌స్టైనర్ బ్లడ్ గ్రూపులు కనిపెట్టింది 1901లో, కాబట్టి క్షమించాలి. అయినా ఇవాళ చదువుతుంటే ఆ పిల్లని చంపింది డ్రాకులాయా, డాక్టర్లా అని అనుమానం వస్తుంది. తూర్పు దేశాలవాళ్ళంటే స్టోకర్‌కి ఉన్న చిన్నచూపు పేజీ పేజీకీ తగులుతుంది. మినా అంతటి మనిషిని చివరికి ఒళ్ళో పిల్లాడితో కూర్చోబెట్టి ముగిస్తాడు.

ఓడ భాగం మాత్రం ఎన్నిసార్లయినా చదువుతాను. మొదటిసారి చదివింది కళింగపట్నంలో, తుఫాను హెచ్చరిక ఉన్న రోజు, వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోని చుట్టాలింట్లో. వార్నా నుంచి బయల్దేరిన డిమీటర్ ఓడలో కళాసీలు ఒక్కొక్కరే మాయమైపోతారు. లాగ్‌బుక్కులో కెప్టెను ముక్తసరిగా రాసుకుంటూ పోతాడు. చివరికి విట్బీ రేవులోకి తుఫానులో కొట్టుకొచ్చిన ఓడలో శవమొకటే ఉంటుంది, చుక్కానికి తనని తను కట్టేసుకున్న కెప్టెను. 1885లో దిమిత్రి అనే రష్యా ఓడ నిజంగానే విట్బీలో ఒడ్డుకి కొట్టుకొచ్చింది. 1890లో అక్కడికి సెలవులకి వెళ్ళిన స్టోకర్ ఆ సంగతి అడిగి తెలుసుకున్నాడు. కథలో కెప్టెను జేబులో బిరడా బిగించిన సీసా ఉంటుంది. సీసాలో చుట్టిన కాగితం.

ఆ సీసా చూడగానే నాకు మన పూజారి గవరయ్య గుర్తొచ్చాడు. కన్యాశుల్కం మొదటి కూర్పు కూడా 1897లోనే అచ్చయింది, డ్రాకులా వచ్చిన ఏడే. ఇప్పుడు మనం చదువుకునే 1909 నాటి కూర్పులో గవరయ్య దెయ్యాన్ని సీసాలో బిగించానని చెప్పి లుబ్ధావధాన్లుని హడలగొడతాడు. మన గురజాడ సీసాలో దెయ్యం ఉందంటే నవ్వించాడు, వాళ్ళ స్టోకర్ సీసాలో కాగితం ఉందని భయపెట్టాడు. ఇద్దరిలో ఎవరికి కోర్టు కాగితాల సంగతి బాగా తెలుసు అంటే తేల్చలేను. రామప్పంతుల్ని సృష్టించినవాడితో పోటీ కష్టం.

నవల ఆఖరి పేజీ సంగతి అత్తకి ఆ రాత్రి చెప్పలేదు, కరెంటు వచ్చేసింది. మొన్న దసరాలకి, సిరిమాను చూడ్డానికి వెళ్ళినప్పుడు చెప్పాను. ఏడేళ్ళ తర్వాత హార్కర్ ఆ ఫైలంతా ఇనప్పెట్టెలోంచి తీసి చూసుకుంటాడు. చూస్తే అందులో అసలు కాగితం దాదాపు లేనట్టే. మొదటి డైరీలు, సిలిండర్లు కాలిపోయాయి. చివరి రోజుల్లో రాసుకున్న నోటుపుస్తకాలు తప్ప ఉన్నదంతా టైపు చేసిన కట్ట. ఇది రుజువని చూపిస్తే ఎవరు నమ్ముతారు అంటాడు. సినిమాలో ఈ పేజీ లేదు. అక్కడ మినా కోటలోని ప్రార్థన మందిరంలో ప్రియుడి తల నరికి విముక్తి ఇస్తుంది, పైన బొమ్మలో రాజూ రాణీ కనిపిస్తారు, అయిపోతుంది.

అత్త చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చేతులాగలేదు.

"ఒరిజినల్స్ కాలిపోతే పోయేయి. టైపు చేసిన వెంటనే గెజిటెడ్ ఆఫీసరు చేత అటెస్టేషన్ చేయించీసుకోవాలి గానీ, ఏడేళ్ళు ఆగితే ఎవుడు పెడతాడు సంతకం?" అంది. తర్వాత కొంచెంసేపటికి, "ఆ డాక్టరు గెజిటెడ్ కాడేటి?" అని అడిగింది.

సీవార్డుది ప్రైవేటు ఆసుపత్రో, సర్కారు ఆసుపత్రో చూసి చెబుతానన్నాను.